గెలుస్తామో లేదో చెప్పని వకీలు

మానుకోట మున్సిఫ్ కోర్టు దగ్గర చందూలాల్ అని ఒక వకీలు ఉండేవాడు. ఎనభైల్లో ఆ కోర్టు గడప తొక్కిన వాళ్లందరికీ ఆయన తెలుసు. పేరు మోసిన వకీలని కాదు, ఒక విడ్డూరమైన అలవాటు వల్ల. కక్షిదారు వచ్చి తన గోడు వెళ్లబోసుకుంటాడు. చందూలాల్ ఓపిగ్గా వింటాడు. తగవు ఎక్కడుందో చెబుతాడు, చట్టం ఏమంటుందో చెబుతాడు, అవతలి వకీలు ఏ ప్రశ్న వేసి ఇరికిస్తాడో కూడా చెబుతాడు. అంతా అయ్యాక ఎవరైనా అడిగేది ఒక్కటే కదా, "గెలుస్తమా సార్?" అని. అక్కడ ఆయన నోరు మూతపడుతుంది. కళ్లద్దాలు తుడుచుకుంటాడు, బయటికి చూస్తాడు, చాయ్ తాగుతావా అని అడుగుతాడు. చచ్చినా ఆ ఒక్క మాట చెప్పడు. పొట్ట గడవాల్సిన పనిలో ఇదేం పద్ధతి! కోర్టుకొచ్చినవాడు ధైర్యం కోసం వస్తాడు గానీ, అద్దాలు తుడుచుకునే మనిషిని చూడటానికా? వచ్చినవాళ్లు వచ్చినట్టే పక్క గదికి జారుకునేవాళ్లు.

పొగరన్నారు కొందరు. పిరికివాడన్నారు ఇంకొందరు. లంబాడాయన కదా, చట్టం సరిగా రాదేమో అని నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ ఆఖరి మాట అన్నవాళ్ల నోట్లో మన్ను పడ! చట్టం ఆయనకు వచ్చినంత బాగా ఆ కోర్టులో ఎవరికీ రాదు. రావడమే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

చందూలాల్‌ది నర్సింహులపేట అవతల గుట్ట కింద తాండా. తండ్రి మాన్‌సింగ్ ఆ తాండాకు నాయక్, అంటే పెద్ద. తగవు ఏదొచ్చినా నాయక్ ముందు పెద్దలంతా కూర్చుంటారు. ఆ కూర్చోవడాన్ని నసాబ్ అంటారు. అక్కడ మాట్లాడటానికి ఒక పద్ధతుంది. తగవు వినిపించేవాడు మొదటి నుంచీ చెప్పుకు రావాలి. ఎద్దు మీద తగవైతే ఆ ఎద్దును కొన్న అంగడి దగ్గర ఎత్తుకోవాలి. తన పక్షం ఎంత నిండుగా చెబుతాడో అవతలి పక్షమూ అంత నిండుగా చెప్పాలి. చెప్పి, ఆగిపోవాలి. తప్పు ఎవరిదో అతను అనకూడదు. ఆ తీర్పు మాట నాయక్ నోట్లోంచే రావాలి. వచ్చాక కూర్చున్న వాళ్లంతా తలవంచి "కబూల్" అంటారు, అంటే ఒప్పుకున్నామని. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. తీర్పు మాట పలికిన నోరు మళ్లీ ఆ తగవులో ఏ పక్షానా మాట్లాడకూడదు. తగవు నాయక్ సొంత ఇంటిదైతే ఆయన లేచి పక్కకు జరగాలి, ఇంకో పెద్దమనిషి కూర్చోవాలి.

చందూలాల్ చిన్నప్పటి నుంచీ నసాబ్‌లో వినిపించడంలో దిట్ట. అతను చెబుతుంటే పోట్లాడుకున్న ఇద్దరూ ఏడ్చేవాళ్లు. వీడు వకీలైతే మన తాండాకు దిగుల్లేదని మాన్‌సింగ్ కొడుకును హాస్టల్లో వేశాడు, అక్కణ్నుంచి హైదరాబాదు పంపించాడు. లా కాలేజీలో అతని ఇంగ్లీషు విని నవ్వారు, అతని తెలుగు విని ఇంకా నవ్వారు. అతను పట్టించుకోలేదు. అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. ఊరేగింపుల్లో నడిచాడు, భుజం మీద లాఠీ దెబ్బ తిన్నాడు, పరీక్షలు వాయిదా మీద వాయిదా పడి ఒక ఏడాది గంగలో కలిసింది.

సరిగ్గా ఆ ఏడాదే తాండాకు కోర్టు నోటీసు వచ్చింది.

తాండా అంతా బతికేది ఒకే మెట్ట చెలక మీద. ఒకప్పుడు అది రాళ్లూ తుప్పలూ తప్ప ఏమీ లేని బీడు. ఆ భూమి దొర నారాయణరెడ్డి, మాన్‌సింగ్ తండ్రిని పిలిచి, తుప్పలు కొట్టుకుని దున్నుకొమ్మని నోటిమాటగా చెప్పాడు. రాళ్లు ఏరారు, తుప్పలు నరికారు, బావి తవ్వారు. ముప్పై ఏళ్లు దాటింది. దొర పోయాడు. కొడుకు శ్రీపాల్‌రెడ్డి స్టేషన్ ఘన్‌పూర్‌లో వ్యాపారం చేస్తూ రాజకీయాల్లో తిరిగేవాడు. నా భూమి నాకు ఖాళీ చేసి ఇప్పించండని దావా వేశాడు. తాండా జనానికి ఇది ఎక్కలేదు. ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవడం ఉంటుందా అనుకున్నారు. వాయిదాలు అడగడానికి ఒక వకీలును పెట్టుకున్నారు. అసలు వాదన మాత్రం మన చందూ వచ్చి చేస్తాడని నసాబ్‌లో తేల్చుకున్నారు. మన తగవు మనవాడే చెప్పాలి, బయటివాడికేం తెలుసు, ఆ బావి ఎట్లా తవ్వామో?

అయితే లా చదివితే చాలదు. ఆ రోజుల్లో ఏడాది పాటు ఒక పెద్ద వకీలు దగ్గర పని నేర్చుకుని, ఆ తర్వాత సనదు పరీక్ష రాయాలి. అది పాసైతేనే నల్లకోటు. చందూలాల్ మానుకోటలో జగపతిరావు దగ్గర చేరాడు. జగపతిరావు ముక్కోపి గానీ మనిషి మంచివాడు. శ్రీపాల్‌రెడ్డి ఇంటి కేసులన్నీ ఆయనవే. ఈ ఒక్కటి మాత్రం, నా దగ్గర పనిచేసే పిల్లగాని తండ్రి మీద నేను నిలబడనని వరంగల్ వకీలుకు తోసేశాడు. ఇటూ నిలబడను, అటూ నిలబడను, ఈ కేసు ఊసు నా దగ్గర ఎత్తకు అని చందూలాల్‌కు మొదటి రోజే చెప్పాడు.

డెబ్బై ఒకటిలో చందూలాల్ మొదటిసారి పరీక్ష రాశాడు, తప్పాడు. జగపతిరావు నమ్మలేదు. సెక్షన్లు అడిగితే నిద్రలో కూడా చెప్పే మనిషి ఎట్లా తప్పాడు? హాల్లో రాసిందే మళ్లీ రాసి చూపించమన్నాడు. ప్రశ్న చిన్నదే. ఒకతను తన బర్రెను మేపమని ఇంకొకతనికి అప్పగించాడు, మేస్తున్నప్పుడు పిడుగు పడి అది చచ్చింది, నష్టం ఎవరు భరించాలి? చందూలాల్ జవాబు బర్రెను కొన్న దగ్గర మొదలైంది. దాని పాలు, దాని దూడ, యజమాని పెండ్లాం ఆ పాలమ్మి పిల్లల్ని సాకిన సంగతి, తర్వాత మేపేవాడి బీదరికం, వాడు ఆ వానలో చెట్టు కిందికి ఎందుకు పోలేదో, అంతా ఉంది. చదువుతూ జగపతిరావు పడీ పడీ నవ్వాడు. ఆఖరి పేజీకి వచ్చేసరికి నవ్వు ఆగింది.

"బాగనే ఉందయ్యా. మరి నష్టం ఎవలు కట్టాలె? రాయలేదేంది?"

"గది నేనెట్ల అంట సార్? జడ్జి గద అనాలె."

జగపతిరావు కాగితాలు పక్కన పెట్టాడు. తర్వాత చాయ్ తెప్పించి, తానెప్పుడూ ఎవరికీ చెప్పనంత ఓపిగ్గా చెప్పాడు.

"చూడు చందూ. దిద్దెటోనికి నీ బర్రె మీద ప్రేమ లేదు. వాని ముంగట కాయితాల గుట్ట ఉంటది. నీ బుర్ర ఏ తొవ్వల నడిచిందో చూస్తడు, గంతే. తగవేందో ఒక్క ముక్కల చెప్పు. దానికి చట్టమేమంటదో చెప్పు. ఆ చట్టం ఈ సంగతికి ఎట్ల అతుకుతదో చూపియ్యి. అవతలోడు ఏమంటడో గది గూడ రెండు ముక్కలల్ల చెప్పి కొట్టెయ్యి. ఆఖరికి 'కాబట్టి' అని రాసి, ఎవలు గెలుస్తరో తేల్చి, కలం కింద పెట్టు. తేల్చకుంటే నువ్వు రాసింది ఉత్త ముచ్చట."

ఆ సాయంత్రం నుంచి సాధన మొదలైంది. కోర్టు మూశాక వరండాలో కూర్చుని పాత ప్రశ్నలు రాసేవాడు. ప్రశ్నలో ఉన్న కథనే మళ్లీ ఎత్తి రాయకు అని తిట్లు తిన్నాడు. ఒక్క ప్రశ్న మీదే పొద్దంతా గడిపితే మిగతావి నీ తాత రాస్తాడా అని తిట్లు తిన్నాడు. ఒక్కో విషయానికి ఒక్కో పేరా పెట్టడం, సెక్షన్ నంబరు గుర్తుకు రాకపోతే తప్పు నంబరు వేయకుండా సారాంశం రాయడం, అన్నీ పట్టుబడ్డాయి. ఒక్క 'కాబట్టి' దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయేది. ఎవరో ముక్కూ మొహం తెలియని ఎ, బి ల తగవులో కూడా ఒకణ్ని ఓడించడానికి అతనికి నోరు రాలేదు. ఎన్నాళ్లో కష్టపడి చివరికి ఒక దొంగదారి కనిపెట్టాడు. "ఇది న్యాయస్థానం పరిశీలించదగిన విషయం" అని రాసి ముగించేవాడు. జగపతిరావు ఆ వాక్యం కనబడ్డప్పుడల్లా తల పట్టుకునేవాడు.

ఈలోగా మాన్‌సింగ్ సాక్ష్యం రోజు వచ్చింది. చందూలాల్ కోర్టు హాల్లో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సనదు లేనివాడు నోరెత్తడానికి లేదు. మాన్‌సింగ్ కొత్త తలపాగా చుట్టుకుని బోనులో నిటారుగా నిలబడి, నసాబ్‌లో చెప్పినట్టే మొదటి నుంచీ చెప్పాడు. మున్సిఫ్ కూడా ఆపలేదు. అప్పుడు వరంగల్ వకీలు ఎంతో మర్యాదగా లేచి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. ఆ భూమిని మీ అంతట మీరే పట్టుకున్నారా, నారాయణరెడ్డి గారు ఒప్పుకుంటేనే దున్నారా?

మాన్‌సింగ్‌కు రోషం వచ్చింది. "మేమేమన్న దొంగలమా సార్? ఒకని భూమి మేమెందుకు గుంజుకుంటం? దొర తన నోటితోని దున్నుకోమన్నడు. ఆయన మాట మీదనే దున్నినం, ఇయ్యాల్టి దాంక."

వకీలు వంగి దండం పెట్టి కూర్చున్నాడు. తాండా వాళ్లు పొంగిపోయారు. చందూలాల్ కూడా పొంగిపోయాడు, పాపం. మా బాపు ఎంత బాగా చెప్పాడు, అవతలివాడికి రెండో ప్రశ్న కూడా లేకపోయింది అనుకున్నాడు. సాయంత్రం ఆ మాటే జగపతిరావుతో అన్నాడు. ఆయన ఏమీ అనకుండా చెప్పులు వేసుకుని ఇంటికి పోయాడు.

రెండోసారీ పరీక్ష తప్పింది. ఇక చందూలాల్ తాండాకు పోవడం తగ్గించాడు. పోతే ఏముంది, అందరూ మొహం వంకే చూస్తారు. ఏమీ అనరు. శ్రీపాల్‌రెడ్డి మనుషులు వచ్చి చెలక చుట్టూ హద్దురాళ్లు పాతి పోయారు. చందూలాల్ భార్య మంగ్లీ జొన్న కోస్తూ ఆ రాళ్ల పక్కనుంచి తిరిగి పోవాల్సి వచ్చేది. ఆమె ఒకసారి అడిగింది, ఆ పరీక్షలో నిన్ను ఏం అడుగుతారు అని. ఎవరిది న్యాయమో చెప్పమంటారు అన్నాడు. దానికేముంది, చెప్పరాదూ అంది ఆమె. అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మున్సిఫ్ ఇక వాయిదాలు లేవన్నాడు. వాదనల తేదీ వేశాడు. ఆ తేదీ లోపల ఒక్క పరీక్షే మిగిలింది. అది తప్పితే తాండా తరఫున ఆ వాయిదాల వకీలే ఏవో నాలుగు ముక్కలు గొణిగి కూర్చుంటాడు. చందూలాల్ హైదరాబాదు రైలెక్కుతుంటే మాన్‌సింగ్ స్టేషన్ దాకా వచ్చాడు. ఈసారి మాత్రం తప్పొద్దు కొడుకా అని లంబాడీలో అన్నాడు. అంతకు ముందు ఎప్పుడూ ఆయన అట్లా అడగలేదు.

హాల్లో ప్రశ్నపత్రం తిప్పి చూడగానే చందూలాల్‌కు తన తాండా తగవే కనబడింది. 'ఎ' అనే భూస్వామి తన బీడు భూమిని సాగు చేసుకొమ్మని 'బి'కి నోటిమాటగా చెప్పాడు. 'బి' కుటుంబం ముప్పై ఏళ్లు సాగు చేసింది. 'ఎ' మరణించాక అతని కొడుకు భూమి తిరిగి ఇప్పించమని దావా వేశాడు. ఎవరు గెలుస్తారు? కారణాలతో రాయండి.

మొదట సంతోషమే కలిగింది. దీనికంటే బాగా తెలిసిన తగవు అతనికి లోకంలో ఇంకోటి లేదు. రాళ్లు ఏరడం దగ్గర మొదలుపెట్టబోయి ఆగాడు. ఉత్త ముచ్చట అన్న జగపతిరావు గొంతు చెవిలో వినబడింది. తగవు ఒక్క ముక్కలో రాశాడు: ముప్పై ఏళ్ల సాగు వల్ల 'బి'కి భూమి మీద హక్కు వస్తుందా? చట్టం రాశాడు. భూమి ఇచ్చినట్టు రిజిస్టరు కాగితం లేకపోతే ఆ ఇవ్వడం చెల్లదు. ఇక మిగిలింది ఏళ్ల తరబడి స్వాధీనం. యజమాని హక్కును కాదని, ఎదిరించి, పన్నెండేళ్లకు పైగా భూమిని పట్టుకుని ఉంటే హక్కు వస్తుంది. యజమాని ఒప్పుకోలు మీద ఉంటే ఎన్ని ఏళ్లయినా రాదు. ఇప్పుడు ఆ చట్టాన్ని సంగతికి అతికించాలి. 'బి' ఆ భూమిలోకి ఎట్లా వచ్చాడు? 'ఎ' మాట మీద.

ఆ ముక్క రాస్తుండగా తండ్రి బోనులో నిలబడ్డ తీరు కళ్లముందు మెదిలింది. ఆయన మాట మీదనే దున్నినం, ఇయ్యాల్టి దాంక. వరంగల్ వకీలు అంత వంగి దండం ఎందుకు పెట్టాడో, జగపతిరావు మాట్లాడకుండా ఎందుకు వెళ్లిపోయాడో అప్పుడు తెలిసింది. గుంజుకున్నామని చెప్పుంటే నిలబడే భూమి, దొంగలం కామని చెప్పినందుకు పోతోంది. ఇదేం చట్టమని అతను ఎవరిని అడగాలి? హాల్లో అందరూ తలలు వంచి రాసుకుంటున్నారు.

కలం 'కాబట్టి' దగ్గర ఆగింది. దొంగదారి ఉండనే ఉంది, న్యాయస్థానం పరిశీలించదగిన విషయమని రాసి లేచి పోవచ్చు. రాస్తే తప్పుతాడు, తప్పితే రేపు కోర్టులో తండ్రి పక్కన ఎవరూ ఉండరు. తండ్రి పక్కన నిలబడాలంటే తండ్రిని ఓడించి రావాలి. చందూలాల్ ఏడుస్తూనే రాశాడు. కాబట్టి 'బి'కి ఆ భూమి మీద ఎలాంటి హక్కూ లేదు, ఖాళీ చేసి 'ఎ' కొడుక్కు అప్పగించవలసిందే. కలం కింద పెట్టాడు. ఎట్లా రాయాలో అట్లా రాసిన మొదటి జవాబు అదే.

పాసయ్యాడు. సనదు వచ్చింది. జగపతిరావు తన పాత కోటు ఒకటి కత్తిరించి కుట్టించి తొడిగించాడు. చందూలాల్ ఆయన్ని ఒక్కటే అడిగాడు, మీకు ముందే తెలుసా సార్ అని. నీ నాయిన సాక్ష్యం చెప్పిన నాడే తెలుసు, నేను చెబితే నువ్వు నమ్మేవాడివా, నీ అంతట నువ్వే ఆ తొవ్వన నడిచి అక్కడికి రావాలి కదా అన్నాడు ఆయన. చందూలాల్‌కు కోపం కూడా రాలేదు.

తాండాలో డప్పు కొట్టారు. మంగ్లీ ఆ కోటును చేతుల్లోకి తీసుకుని తడిమి చూసింది. మాన్‌సింగ్ కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, ఈసారి ఎట్లా గెలిచావు చెప్పమన్నాడు. దాచుకోవడం చందూలాల్‌కు చేతకాదు. ప్రశ్న చెప్పాడు, తను రాసింది చెప్పాడు. మాన్‌సింగ్ లంబాడీలో మెల్లగా అన్నాడు.

"తీర్పు చెప్పి వచ్చినవ్ గద కొడుకా. ఇగ మా తరఫున ఎట్ల మాట్లాడ్తవ్?"

"అది పరీక్ష బాపు. ఎ, బి అని ఎవలో ఉత్త పేర్లు."

"పేరు మారిస్తే తగవు మారుతదా?"

తెల్లారి మాన్‌సింగే వచ్చి, పోయి మాట్లాడు, మాకు ఇంకెవరున్నారు అన్నాడు. కట్టుబాటు తప్పమని నాయక్ స్వయంగా చెప్పడం ఆ తాండాలో ఎవరూ ఎరగరు.

వాదనల రోజు చందూలాల్ బాగానే మాట్లాడాడు. బావి గురించి, రాళ్ల గురించి, ఇచ్చిన మాట గురించి చెప్పాడు. చట్టంలో ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని పుస్తకాలన్నీ తిరగేసి, దొరికిందంతా చెప్పాడు. కానీ మాట్లాడుతున్నంతసేపూ తను రాసిన వాక్యం తన నోట్లోనే అడ్డంగా ఉన్నట్టు అనిపించింది. తీర్పు రోజు మున్సిఫ్ ఇంగ్లీషులో చదివాడు. తగవు ఏమిటో చదివాడు. చట్టం ఏమంటుందో చదివాడు. దాన్ని సంగతికి అతికించాడు. అవతలి వాదన రెండు ముక్కల్లో చెప్పి కొట్టేశాడు. ఒక్కో పేరా రాకముందే చందూలాల్‌కు తెలుస్తూనే ఉంది. 'కాబట్టి' అన్నప్పుడు అతను కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత ఏడాది తిరక్కముందే తాండా చెల్లాచెదురైంది. కొందరు జనగామలో మట్టి పనికి, కొందరు కట్టెలు కొట్టడానికి భూపాలపల్లి అడవుల్లోకి, కొందరు ఎక్కడికో కూడా తెలియకుండా పోయారు. మాన్‌సింగ్ ఇంకో వానాకాలం చూడలేదు. కానీ ఇదంతా తర్వాత. ఆ రోజు కోర్టు బయట, మెట్ల పక్కన ఎండలో, తాండా అంతా కింద కూర్చుని ఉంది. ఇంగ్లీషు వాళ్లకు తెలియదు కదా. నల్లకోటు వేసుకున్న చందూలాల్ రాగానే అందరూ తలెత్తి చూశారు. జడ్జి ఏమన్నాడు చెప్పు అన్నాడు మాన్‌సింగ్.

చందూలాల్ వాళ్ల మధ్యలో గొంతుక్కూర్చున్నాడు. నసాబ్‌లో చెప్పినట్టే మొదటి నుంచీ చెప్పాడు. బీడు ఎట్లా ఉండేదో, దొర ఏమన్నాడో, రాళ్లు ఎవరు ఏరారో, దొర కొడుకు ఏమంటున్నాడో, చట్టం ఏమంటోందో, రెండు పక్షాలూ నిండుగా చెప్పాడు. చెప్పి, ఆగిపోయాడు. నోరు తెరిచాడు గానీ ఆ మాట రాలేదు. ఒకసారి అన్నదే చాలు. మంగ్లీ అతని మొహంలోకి చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

తన ఇంటి తగవులో నాయక్ తీర్పు చెప్పకూడదు. లేచి పక్కకు జరగాలి. మాన్‌సింగ్ జరగలేదు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"భూమి మనది కాదు," అన్నాడు. "ఖాళీ చెయ్యాలె."

నాయక్ మాట చెప్పాడు కదా. కూర్చున్న వాళ్లంతా తలలు వంచి, "కబూల్" అన్నారు.